యుక్తాహారము - నిలుకడ

శ్రీవైష్ణవ గృహమునందు వంట అనునది ఆకలి తీర్చుకొనుట కొరకు మాత్రమే జరుగు పని కాదు. స్నానము చేసి మడి కట్టుకొని పొయ్యి వెలిగించినది మొదలు, పెరుమాళ్లకు తళిగ సమర్పించి, ఆ శేషమును ప్రసాదముగా స్వీకరించు వరకును జరుగునదంతయు ఆరాధనములో భాగమే. ఇట్టి సంప్రదాయమున పుట్టి పెరిగినవారికి ఆహారనియమమును గూర్చి క్రొత్తగా చెప్పవలసినదేమున్నదని ఎవరికైనను తోచవచ్చును.

కాని నేటి గృహములను పరికించినచో విచారము కలుగక మానదు. తిరువారాధనమునకు నేలపై కూర్చుండవలసిన యజమాని మోకాళ్ల నొప్పిచే పీట మాని కుర్చీ వేయించుకొనుచున్నాడు. సాష్టాంగ ప్రణామము చేయబోవువానికి ఉదరమే అడ్డు వచ్చుచున్నది. అలిపిరి నుండి 3,550 మెట్లును కాలినడకన ఎక్కి స్వామిని సేవింతునని మ్రొక్కుకొన్న గృహిణి కొన్ని వందల మెట్లకే ఆయాసపడి వెనుదిరుగుచున్నది. తీర్థపాత్ర ప్రక్కనే మధుమేహపు మాత్రల డబ్బీ కనబడుచున్నది. మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహముతో నున్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి ఆధ్వర్యమున జరిగిన అధ్యయనము 2023లో వెల్లడించినది.

బరువు తగ్గవలెనని వైద్యుడు చెప్పగానే చాలమంది ఉత్సాహముతో ఆరంభింతురు. ఒకరు అన్నము పూర్తిగా మానుదురు. ఒకరు రాత్రి భోజనము మానుదురు. మరియొకరు వారమంతయు పండ్లరసముతో గడుపుదురు. నెల, రెండు నెలలు గడచునప్పటికి ఆ నియమము సడలిపోవును. పోయిన బరువు తిరిగి వచ్చును. ఒక్కొక్కప్పుడు మరికొంత తోడు తెచ్చుకొని వచ్చును. కనుక ఏమి తినవలెనను ప్రశ్న కంటె, తెలిసినదానిని విడువక ఆచరించుట ఎట్లు అను ప్రశ్నయే నేటి గృహస్థునకు ముఖ్యమైనది. ఈ ప్రశ్నకు మన శాస్త్రములందు స్పష్టమైన సమాధానము కలదు.

రెండు విధములైన అతి

శ్రీమద్భగవద్గీత ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ అర్జునునకు ధ్యానయోగమును ఉపదేశించుచు ఆహార ప్రసక్తి తెచ్చినాడు. మితిమీరి భుజించువానికి యోగము సిద్ధింపదని చెప్పి ఊరకుండక, బొత్తిగా భుజింపనివానికిని సిద్ధింపదని చేర్చినాడు. నిద్రకును జాగరణమునకును అదే న్యాయము చెప్పినాడు. ఆహారవిహారములు, కర్మలందలి ప్రయాస, నిద్ర, మేలుకొనుట - ఇవి యుక్తములుగా నున్నవానికి యోగము దుఃఖనాశకమగునని ఆ వెంటనే సెలవిచ్చినాడు.

భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున ఇచ్చటి 'యుక్త' శబ్దమునకు 'మిత'మని అర్థము చెప్పినారు. మితమనగానే అల్పమని లోకులు తలంతురు. అది సరికాదు. కొలుచుట అను అర్థము గల 'మా' ధాతువు నుండి పుట్టినది మిత శబ్దము. కొలతకు సరిపడినదే మితము. కొలత దాటినది ఎట్లు మితము కాదో, కొలతకు చాలనిదియు అట్లే మితము కాదు.

ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతు వృత్తాంతము ఈ విషయమును చక్కగా విశదీకరించుచున్నది. తినిన అన్నములోని సూక్ష్మభాగమే మనస్సగునని ఉద్దాలకుడు తన కుమారునకు బోధించి, దానిని అనుభవమునకు తెచ్చుటకై పదునైదు దినములు అన్నము మాని, కోరినంత జలము మాత్రము త్రాగి ఉండుమని ఆజ్ఞాపించినాడు. శ్వేతకేతువు అట్లే ఉండి తండ్రి వద్దకు వచ్చినాడు. ఋగ్యజుస్సామములను చెప్పుమని తండ్రి అడుగగా, పండ్రెండేండ్లు గురుకులమున నేర్చిన వేదములు అతనికి స్ఫురింపలేదు. అప్పుడు ఉద్దాలకుడు పోయి భుజింపుమనెను. భుజించి వచ్చిన పిదప అడిగినదంతయు చెప్పగలిగినాడు. వేదము ఎచ్చటికిని పోలేదు. దానిని పలికించు శక్తి ఉడిగినది. బరువు తగ్గింతునని ఒక్కమారుగా అన్నపానములు మాని, తల తిరిగి, చిరాకుపడి, నాల్గవనాడు ఆకలికి ఓడి రెండింతలు తిను గృహస్థుడు ఈ కథను మననము చేయవలెను.

స్థౌల్యమును గూర్చి చరకుడు

చరకసంహిత సూత్రస్థానమున ఇరువది యొకటవ అధ్యాయము 'అష్టౌనిందితీయము'. అందు అతిస్థూలుని, అతికృశుని లక్షణములు, చికిత్సలు చెప్పబడినవి. స్థౌల్యమునకు అచ్చట చెప్పిన హేతువులు నేటి వైద్యులు చెప్పువానికి చాల దగ్గరగా నున్నవి. అతిగా భుజించుట, బరువైనవి, తీపివి, చల్లనివి, జిడ్డుగలవి అధికముగా తినుట, వ్యాయామము లేకుండుట, పగటి నిద్ర, చింత లేని జీవనము, బీజస్వభావము. బీజస్వభావమనగా తలిదండ్రుల నుండి సంక్రమించు ప్రకృతి. ఇద్దరు అన్నదమ్ములు ఒకే పంక్తిలో ఒకే భోజనము చేసినను ఒకని శరీరము పెరుగుటకు, మరియొకనిది పెరుగకుండుటకు ఇదియు ఒక కారణము. కావున స్థూలకాయుని చూచి తిండిపోతని పరిహసించుట ధర్మము కాదు, న్యాయమును కాదు. హేతువులలో ఒకటి అతని చేతిలో లేదు. తక్కినవానిని సవరించుకొనుటకు అతనికి ఇంటివారి సహాయము కావలెను గాని, ఎత్తిపొడుపు మాటలు కాదు.

స్థౌల్యము వలన కలుగు దోషములనియు ఎనిమిదింటిని ఆ అధ్యాయమే చెప్పుచున్నది. వానిలో మొదటిది ఆయుష్షు తగ్గుట. చురుకుదనము పోవుట, దౌర్బల్యము, చెమట బాధ, మితిమీరిన ఆకలి, మితిమీరిన దప్పిక అందులోనివే. దేహము పెద్దదయ్యు దుర్బలముగా నుండునని చెప్పుట గమనింపదగినది.

స్థూలునకు హితమైన ధాన్యముల పట్టికయు అందే ఉన్నది. యవలు, ప్రియంగువనబడు కొర్రలు, శ్యామాకము, అరికెలు, జొన్నలు, పెసలు, ఉలవలు, కందులు, వానితో పాటు పటోలము, ఉసిరిక. ఇవి ఏ పరదేశము నుండియు దిగుమతి చేసికొనవలసినవి కావు. రాయలసీమలోను తెలంగాణములోను రెండు మూడు తరముల క్రిందటి వరకు కొఱ్ఱన్నము, జొన్నరొట్టె, రాగి సంకటి నిత్యభోజనములు. తెల్లని వరియన్నము పండుగనాటి వంట. పండుగనాటిది నిత్యమైనప్పుడు, నిత్యమైనది మరుగున పడినది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప వీని పేర్లు నగరములలో మరల వినబడుచున్నవి.

పంక్తిలో సమత్వము

భోజన పరిమాణమును చరకుడు రెండు విధములుగా విభజించినాడు. భోజనమంతయు కలిపి ఎంత అనునది సర్వగ్రహము. అందు అన్నమెంత, పప్పెంత, కూరయెంత అని వేరువేరుగా చూచుట పరిగ్రహము. చాలమంది మొదటిదానిని మాత్రమే చూతురు. సమతుల్యమైన ఆహారమనునది రెండవదానిలో నున్నది.

ఈ పరిగ్రహమును నేటి కొలతలలో చెప్పిన సంస్థ హైదరాబాదులో నున్నది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కొరకు రాబర్ట్ మెక్కారిసన్ ఆరంభించిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు పొందినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము, దినమునకు 2,000 కిలోకేలరీలు కావలసినవానికి కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ధాన్యములన్నియు కలిపి సుమారు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండవలెను. ధాన్యముల నుండి వచ్చు శక్తి మొత్తములో 45 శాతమును మించరాదు. ఉప్పు దినమునకు 5 గ్రాములు దాటరాదు.

ఈ లెక్కను ఇంటి పంక్తితో పోల్చి చూడవలెను. సాధారణముగా విస్తరి నడుమ అన్నపు రాశి, దాని చుట్టును చెంచాడేసి కూర, పచ్చడి ఉండును. పప్పు పలుచన, చారు పలుచన, పెరుగన్నము మరల అన్నమే. ఈ క్రమమును తారుమారు చేయవలెను. విస్తరిలో సగము కూరలకు, ఆకుకూరలకు, పండ్లకు ఇచ్చి, మిగిలిన సగమున అన్నమును పప్పును పెరుగును అమర్చుకొనవలెను. బంగాళాదుంప, చామదుంప వంటివానిని కూరల లెక్కలో చేర్చి మోసపోరాదు. అవియు అన్నము వలె పిండిపదార్థములే.

ధాన్యము విషయమున మరియొక్క మాట. మరలో మిక్కిలి తెల్లగా పాలిషు పెట్టిన బియ్యము నుండి తవుడును మొలకయు తొలగిపోవును. వానితో పీచు, బి1 విటమిను మొదలైనవియు పోవును. దంపుడు బియ్యమున అవి చాలవరకు నిలుచును. పీచు గల అన్నము నమలుటకు కొంత సమయము పట్టును, త్వరగా తృప్తినిచ్చును. పండును పిండి రసము త్రాగుట కంటె పండుగానే తినుట మేలనుటకును కారణమిదియే.

నేతిని గూర్చి భయపడువారును కలరు, భయమే లేనివారును కలరు. శాస్త్రమున స్నిగ్ధాహారము సాత్త్వికమని చెప్పబడినది. కాని వడ్డనలో అన్నశుద్ధికి అభిఘారము చేయునది చుక్క నేతితో గాని గరిటెడు నేతితో కాదు. ఆచారము నేర్పిన ఆ కొలతయే ఆరోగ్యమునకును కొలత. అట్లే ఊరగాయలు. గీత పదునేడవ అధ్యాయమున కారము, పులుపు, ఉప్పు గలవి రాజసాహారములని చెప్పబడినవి. అచ్చట వేడికి చేర్చిన 'అతి' శబ్దమును తక్కినవానికిని అన్వయించుకొనవలెనని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించినారు. కనుక ఆవకాయ నిషిద్ధము కాదు. ఆవకాయతోనే అన్నమంతయు కలుపుకొనుట అతి.

వాగ్భటుడు అష్టాంగహృదయమున కుక్షిని నాలుగు భాగములుగా భావింపుమన్నాడు. రెండు భాగములు అన్నమునకు, ఒకటి ద్రవమునకు, నాల్గవది వాయుసంచారము కొరకు ఖాళీగా ఉంచవలెను. ఆ నాల్గవ భాగమును విడిచి లేచుట మొదట కష్టముగా తోచును. మెల్లగా నమలి, మాటలాడక, మనస్సు పెట్టి భుజించువానికి అది సులభమగును.

పాదాంశిక క్రమము

ఇంతవరకు చెప్పినది తెలియనివారు అరుదు. తెలిసియు నిలువలేకపోవుటకు కారణము మార్పును ఒక్కనాడే తలపెట్టుట. దీనికి చరకుడు సూత్రస్థానము ఏడవ అధ్యాయమున ఉపాయము చెప్పినాడు. అలవాటైన అహితమును బుద్ధిమంతుడు క్రమముగా విడువవలెను. హితమును క్రమముగానే అలవరచుకొనవలెను. ఆ క్రమమునకు పాదాంశికమని పేరు. అహితములో ఒక పాదము, అనగా నాల్గవ వంతు తీసివేసి, ఆ స్థానమున హితమును ఒక పాదము చేర్చవలెను. అది కుదురుకొనిన పిదప రెండవ పాదము, ఆ పిదప మూడవది. ఈ విధముగా క్రమముగా తగ్గించిన దోషములు మరల తలయెత్తవనియు, క్రమముగా పెంచుకొనిన గుణములు చలింపవనియు ఆ మహర్షి చెప్పిన ఫలశ్రుతి.

పూర్వము మన యిండ్లలో బియ్యము కొలుచు సోలకు నాలుగు గిద్దెలు. పాదాంశిక క్రమమునకు ఇంతకంటె తగిన కొలత లేదు. సోలెడు తెల్లబియ్యము వండు ఇంటిలో మొదట గిద్దెడు తగ్గించి, ఆ గిద్దెడు దంపుడు బియ్యము గాని కొర్రలు గాని వండవలెను. పిల్లలు పేచీ పెట్టరు, వృద్ధులకు అరుగుదల చెడదు. చరకుడు ఒకటి, రెండు, మూడు దినముల వ్యవధి చెప్పినాడు గాని, నేటి గృహస్థునకు పక్షము వ్యవధి మేలు. ఏకాదశి నుండి ఏకాదశికి ఒక్కొక్క మార్పు అని పెట్టుకొనినచో లెక్క మరువదు. మొదటి పక్షము ధాన్యములో ఒక పాదము. రెండవ పక్షము కాఫీలోని చక్కెరలో ఒక పాదము. మూడవ పక్షము వేపుళ్లకు మారుగా ఉడికించిన కూర వారమునకు మరి రెండు దినములు. నాల్గవ పక్షము భోజనానంతరము పగటి నిద్రకు మారుగా సాయంకాలము గుడి చుట్టును చురుకైన ప్రదక్షిణలు. మూడు నాలుగు మాసములలో ఇంటి భోజన స్వరూపమే మారును. వారమునకు అర కిలో చొప్పున బరువు తగ్గుట క్షేమకరమని పోషకాహార శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంతకంటె వేగము కోరువాడు తొందరపడుచున్నాడని గ్రహింపవలెను.

ఇచ్చట మరియొక ముఖ్య విషయము కలదు. ఇంటిలో ఒక్కరికి వేరు వంట అనునది నిలువదు. తక్కినవారు పూరీలు, బొండాలు తినుచుండగా ఒక్కరు ప్రక్కన కూర్చుండి జొన్నరొట్టె తినుట కొన్నాళ్ల మాట. పైగా వండు ఇల్లాలికి రెండింతల పని. పెరుమాళ్లకు తళిగ ఒక్కటే గదా! తళిగలోనే మార్పు తెచ్చినచో అందరి విస్తరులలోను మార్పు వచ్చును. ఏ ధాన్యము నివేదనార్హమను విషయమున ఒక్కొక్క ఇంటి ఆచారము ఒక్కొక్క విధముగా నుండును. సందేహము గలవారు తమ పెద్దలను, ఆచార్యులను అడిగి తెలిసికొనవలెను. కొన్ని చిరుధాన్యములు నివేదనకు పనికిరావనుకొను ఇంటిలో దంపుడు బియ్యము, పెసరపప్పు, ఆకుకూరలు చాలును. నివేదించినది ప్రసాదము, ప్రసాదమును రుచి చూచి వంక పెట్టు అలవాటు వైష్ణవ గృహమున లేదు. నియమము నిలుచుటకు ఇంతకంటె గట్టి ఆధారము దొరకదు.

ఇల్లాలి సంగతియు ఆలోచింపవలెను. అందరికిని వడ్డించి, ప్రొద్దు వాలిన పిదప, మిగిలినది పారవేయ మనసొప్పక ఆమె తినును. అన్నమును నిందింపరాదని, పారవేయరాదని ఉపనిషత్తు చెప్పిన మాట సత్యమే. కాని దానికి పరిహారము మిగిలినదంతయు ఒక్కరి ఉదరమున నింపుట కాదు. బియ్యము కడుగుటకు ముందే కొలిచి వండుట పరిహారము. ఆమెయు అందరితో పాటు వేళకు భుజించునట్లు చూచుట ఇంటివారి ధర్మము.

సాధన సప్తకము

శ్రీభాష్య ప్రారంభమున లఘుసిద్ధాంతమునందు భగవద్రామానుజులు భక్తి నిష్పత్తికి వాక్యకారుడు చెప్పిన ఏడు సాధనములను ఉదాహరించినారు. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. వీనిలో మొదటిదైన వివేకము ఆహారమును గూర్చినదే. జాతిచేత, ఆశ్రయముచేత, నిమిత్తముచేత దుష్టము కాని అన్నమువలన కలుగు దేహశుద్ధియే వివేకము. ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి, దాని వలన ధ్రువమైన స్మృతి కలుగునని సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశము దీనికి మూలము. ధ్రువస్మృతియే భక్తియని రామానుజ దర్శనము. కాబట్టి పంక్తిలో కూర్చుండువాడు భక్తికి మొదటి మెట్టున కూర్చుండినాడన్నమాట.

ఈ ఏడును భగవదుపాసన కొరకు చెప్పబడినవి. అయినను దేహమును కైంకర్యయోగ్యముగా ఉంచుకొనుటకు పూనుకొన్నవానికి వీని క్రమము చక్కని దారి చూపును. విమోకమనగా కోరికలయందు తగులము లేకుండుట. ఎదుట మైసూరుపాకు కనబడినప్పుడు చేయి ముందుకు సాగకుండుట విమోకమునకు చిన్న పరీక్ష. అభ్యాసమనగా మరల మరల చేయుట. క్రియయనగా శక్తికొలది పంచమహాయజ్ఞానుష్ఠానము. ఇచ్చటి 'శక్తికొలది' అను మాట ఆహారనియమమునకును అన్వయించును. కల్యాణమున సత్యము చేరినది. ఏమి తింటినని వైద్యుడు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పుటయు సత్యమే.

తుదిని చెప్పిన రెండును నిలుకడకు ప్రాణము వంటివి. దేశకాలములు ప్రతికూలించుటచేత కలుగు క్రుంగుబాటు అవసాదము. అది లేకుండుట అనవసాదము. పెండ్లికి పోయి నియమము తప్పవచ్చును. జ్వరము వచ్చి నడక మానవచ్చును. నియమమంతయు పాటించినను ఒక పక్షమున బరువు తగ్గకపోవచ్చును. 'ఇంక నా వలన కాదు' అని అంతటితో విడుచువారే ఎక్కువ. జపము చేయుచు సంఖ్య తప్పినవాడు తులసిమాలను విసరివేయడు. మరల పూస పట్టుకొనును. తప్పిన భోజనము తరువాతి భోజనముననే నియమమును మరల పట్టుకొనవలెను. తప్పినందుకు మరునాడు కడుపు మాడ్చుకొనుట ప్రాయశ్చిత్తము కాదు. అది మరియొక అతి.

అనుద్ధర్షమనగా మితిమీరిన సంతోషము లేకుండుట. రెండు కిలోలు తగ్గినవాడు ఆ సంతోషమున మిఠాయి పంచి తానును తినుట లోకమున చూచుచున్నదే. తగ్గిన బరువు నియమఫలము. నియమము తొలగినచో ఫలమును తొలగును. కావున బరువు తగ్గిన తరువాతనే జాగరూకత ఎక్కువ కావలెను.

ఏకాదశి, ప్రసాదము

వైష్ణవులకు ఏకాదశి పరమపవిత్రమైన వ్రతము. కాని నేడు పలుతావుల ఏకాదశినాటి ఆహారము నిత్యభోజనమును మించుచున్నది. ఫలాహారమను మాట వాడుకలో ఫలహారమై, అందులోని పండు మాయమైనది. నూనెలో వేగిన సగ్గుబియ్యపు వడలు, నేతిలో తడిసిన ఉప్పుడుపిండి దాని స్థానమున చేరినవి. ద్వాదశి పారణకు పెద్దలు అవిసె ఆకును, ఉసిరికను ముఖ్యముగా చెప్పినారు. ఉపవాసము విడుచుట ఆకుకూరతో, ఉసిరికతో గాని పిండివంటలతో కాదని ఆ ఆచారమే చెప్పుచున్నది.

ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక నిరాహారముగా ఉండరాదు. రక్తమున చక్కెర అకస్మాత్తుగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. ఇట్టివారు వ్రతలోపమని దుఃఖింపనక్కరలేదు. ఎనిమిదేండ్లు దాటనివారికిని, ఎనుబదియేండ్లు నిండినవారికిని ఏకాదశి నిర్బంధము లేదని ధర్మశాస్త్రము. జలము, మూలము, ఫలము, పాలు మొదలైన ఎనిమిది వ్రతభంగము చేయవని పెద్దలు చెప్పినారు. ఆ ఎనిమిదింటిలో ఔషధము ఒకటి. మూత్రపిండముల వ్యాధి గలవారు పప్పులు, పండ్లు పెంచుటకు ముందును వైద్యుని సలహా పొందవలెను. ప్రయత్నము లేకయే బరువు తగ్గుచున్నచో సంతోషింపక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

ప్రసాద విషయమున భక్తులకు ధర్మసందేహము కలుగుచుండును. మధుమేహము గలవాడు లడ్డును, చక్కెరపొంగలిని కాదన్నచో అపచారము కాదా? తీర్థమును తలచుకొనినచో ఈ సందేహము తీరును. తీర్థమును ఉద్ధరిణెతో పుచ్చుకొందురు. చెంబెడు కావలెనని అడుగువారు లేరు. బిందుమాత్రమైనను అది తీర్థమే. ప్రసాదము పావనమగుట స్వామి స్వీకరించుటచేత గాని పరిమాణముచేత కాదు. కన్నుల కద్దుకొని, చిటికెడు నోట వేసికొని, తక్కినది పదిమందికి పంచిపెట్టుటలో లోపము లేదు. పంచిపెట్టుట వలన పుణ్యమే హెచ్చును. అట్లే ధనుర్మాసమున ముప్పది దినములును పొంగలి ఆరగింపగు ఇండ్లలో ఒక చిన్న దొప్పెడు ప్రసాదముగా స్వీకరించి, పూర్తి భోజనముగా దానిని తినకుండిన చాలును.

ఈ దేహము జీవునకు స్వంతమైన సొత్తు కాదు. శేషియైన శ్రీమన్నారాయణుడు కైంకర్యము కొరకు శేషభూతుడైన జీవునకు అప్పగించినది. అర్చామూర్తికి ధరింపజేయు పట్టువస్త్రమును ఎంత జాగ్రత్తగా మడిచి దాతుమో, కైంకర్యమునకు ఉపకరించు దేహమును అంత జాగ్రత్తగా కాపాడుకొనుట దాసుని విధి. అందమునకో, పొగడ్తకో ఆరంభించిన నియమము నెలతో పోవును. నేలపై కూర్చుండి తిరువారాధనము చేయవలెను, నిలిచి పల్లకి భుజమున మోయవలెను, మెట్లెక్కి స్వామిని సేవింపవలెను అను సంకల్పముతో పట్టిన నియమమునకు ప్రతిదినమును తళిగ వేళ ఒక జ్ఞాపకము ఉండనే ఉన్నది.

రాబోవు ఏకాదశినాడు సోలలో ఒక్క గిద్దెడు మార్పుతో ఈ నియమమును ఆరంభింప వీలున్నది. అంత చిన్న మార్పును తిరువేంగడముడైయాన్ కటాక్షమున విడువక నిలుపుకొను గృహములందు ఆయురారోగ్యములు, నిత్యకైంకర్యభాగ్యము వర్ధిల్లుగాక!